రాత్రికి రేటు లేదు: యాడ్ ఏజెన్సీల్లో పని ఎందుకు తెమలదు?

ఉగాదికి నాలుగు రోజుల ముందు సంగతి. బెంగళూరు ఇందిరానగర్‌లో మూడో అంతస్తు ఆఫీసు, రాత్రి పదిన్నర. కూరగాయలు ఇంటికి తెచ్చిచ్చే ఒక యాప్‌కి తెలుగు యాడ్ వెళ్లాలి. ఇంగ్లిష్ యాడ్ సాయంత్రం ఆరున్నరకి ఓకే అయింది. హిందీ ఎనిమిదికి అయిపోయింది. కన్నడ రాసే అమ్మాయి తొమ్మిదికి ఇచ్చేసి వెళ్లిపోయింది. తెలుగు ఒక్కటే ఆగింది. ఆపింది సొరకాయ.

మాది అనంతపురం వైపు. మాకది సొరకాయే, అలాగే రాశాను. క్లయింట్ టీమ్‌లో తెలుగు చదవగలిగినవాళ్లు లేరు. బ్రాండ్ మేనేజర్ వాళ్ల అకౌంట్స్‌లో ఒక రాజమండ్రి ఆయనకి వాట్సాప్‌లో పంపాడు. ఆయన 'మేం ఆనపకాయ అంటామండీ' అన్నాడు. దాంతో అనుమానం మొదలైంది. హైదరాబాద్ టీమ్‌ని కూడా అడుగుదామన్నారు. హైదరాబాద్ టీమ్ భోజనానికి వెళ్లింది. పదకొండుంబావుకి జవాబొచ్చింది: గొడవెందుకు, బొమ్మలో సొరకాయ తీసేసి టమాటా పెట్టండి. టమాటా పెట్టారు. పెట్టాక చూస్తే స్టూడియో కుర్రాడి సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ మారిపోయి ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. 'స్వచ్ఛమైన' కాస్తా 'స్‌వచ్‌ఛమైన' అయి కూర్చుంది. తెలుగు చదవడం రాని కుర్రాడికి అది తప్పని తెలియదు. కాబట్టి నేను ఇంటికి వెళ్లడానికి లేదు. ఫైల్ వెళ్లేసరికి ఒంటిగంటా పదిహేను.

ఆ రాత్రి ఇంటికి వెళ్తూ ఒక లెక్క వేసుకున్నాను. ఆరున్నర నుంచి ఒంటిగంటంబావు దాకా, అంటే ఆరు గంటలా నలభై ఐదు నిమిషాల్లో నేను నిజంగా పని చేసింది నలభై నిమిషాలు. మిగతాదంతా ఎదురుచూపు.

ఏజెన్సీల్లో పని ఒత్తిడి గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఈ ఎదురుచూపు గురించి మాట్లాడరు. 'క్రియేటివ్ వాళ్లు కదా, రాత్రుళ్లే మూడ్ వస్తుంది' అంటారు బయటివాళ్లు. 'ఈ ఫీల్డే అంత, ప్యాషన్ ఉన్నవాళ్లే నిలబడతారు' అంటారు సీనియర్లు. 'మా బాస్‌కి ప్లానింగ్ లేదు' అంటారు జూనియర్లు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ బాస్‌లు మారినా, ఏజెన్సీలు మారినా, తొమ్మిదేళ్లలో నాకు ఈ రాత్రుళ్లు మాత్రం మారలేదు. మనుషులు మారినా మారనిదేదైనా ఉంటే దాని వేరు డబ్బు లెక్కలో ఉంటుందని నా అనుమానం. ఆ లెక్క విప్పి చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పదిహేను శాతం పోయాక

మన దేశంలో యాడ్ ఏజెన్సీ చాలాకాలం బతికింది కమీషన్ మీద. పత్రికలో యాడ్ వేయిస్తే, ఆ స్థలం ఖరీదులో 15 శాతం పత్రిక ఏజెన్సీకి ఇచ్చేది. క్లయింట్ దృష్టిలో యాడ్ రాయడం, బొమ్మ వేయడం దాదాపు ఉచితం. అతను కొంటున్నది పత్రికలో స్థలం, దాంతోపాటు ఐడియా కొసరుగా వచ్చేది. కొసరే అయినా ఏజెన్సీకి నష్టం లేదు. క్లయింట్ పెద్దవాడైతే యాడ్ ఒకటే అయినా కమీషన్ లక్షల్లో ఉండేది. ఒక్క హెడ్‌లైన్ మీద పది రోజులు కూర్చున్నారని పాతవాళ్లు చెప్పే కథలు అందుకే నిజం. పది రోజులకి డబ్బు ఉండేది.

1990ల చివర, 2000ల మొదట్లో ఈ ఏర్పాటు విడిపోయింది. పత్రికల్లో స్థలం, టీవీలో సమయం కొనే పనిని పెద్ద గ్రూపులు వేరే మీడియా ఏజెన్సీలుగా చీల్చాయి. కమీషన్ డబ్బు అటు వెళ్లింది. రాసేవాళ్లు, గీసేవాళ్లు ఇటు మిగిలారు. కొసరుగా ఇస్తూ వచ్చినదానికి ఇప్పుడు ధర చెప్పాల్సి వచ్చింది. ఇన్నేళ్లు ఉచితంగా ఇచ్చినదానికి రేపటి నుంచి ఇంత అంటే ఎవరు ఇస్తారు? అక్కడ పుట్టింది నెలవారీ రిటైనర్. నెలకి ఇంత ఇస్తాం, మా పని మీరు చూసుకోండి.

రిటైనర్ పైకి బాగానే కనిపిస్తుంది, నెల జీతంలాంటిది. కిటుకేమిటంటే డబ్బుకి పరిమితి ఉంటుంది, పనికి ఉండదు. ఒప్పందంలో 'నెలకి ఇన్ని పోస్టులు, ఇన్ని బ్యానర్లు' అని రాస్తారు గానీ ఒక్కో పోస్టుని ఎన్నిసార్లు మార్పించుకోవచ్చో చాలా ఒప్పందాల్లో ఉండదు. ఉన్నా ఎవరూ లెక్కపెట్టరు. రెండోసారి మార్చినా, పదకొండోసారి మార్చినా క్లయింట్ కట్టేది అంతే. హోటల్లో భోజనం టికెట్ కొన్నాక సాంబారు ఎన్నిసార్లు అడిగినా డబ్బు పెరగదు కదా, అదీ వరస. తేడా ఒకటే: ఇక్కడ సాంబారు ఒక మనిషి నిద్ర.

దీనికి తోడు మనుషుల్ని శాతాల్లో అమ్మే పద్ధతి. రిటైనర్ ఎంతని తేల్చడానికి ఒక పట్టిక వేస్తారు: క్రియేటివ్ డైరెక్టర్ సమయంలో ఇంత శాతం, ఆర్ట్ డైరెక్టర్‌ది ఇంత, యాడ్‌లో మాటలు (కాపీ) రాసే కాపీరైటర్‌ది ఇంత. వాళ్ల జీతాల్లో ఆ శాతం తీసి, పైన ఆఫీసు ఖర్చు, లాభం కలిపి ఫీజు కడతారు. తెలుగు కాపీకి ఎవరూ పదిహేను శాతానికి మించి ఒప్పుకోరు. ఒక దశలో నన్ను తొమ్మిది మంది క్లయింట్లకి పదిహేను శాతం చొప్పున రాసేశారు. తొమ్మిది పదిహేనులు నూట ముప్పై ఐదు. ఆ పట్టిక చూసి ఎక్కువైన ముప్పై ఐదు శాతం ఎక్కడి నుంచి తెస్తారని నవ్వుతూనే అడిగాను. మా అకౌంట్స్ మేడమ్ కూడా నవ్వుతూనే, 'అందరూ ఒకేసారి అడగరు కదా' అన్నారు. పండగ వారంలో అందరూ ఒకేసారే అడుగుతారు.

టైమ్‌షీట్ చెప్పే అబద్ధం

ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచేది టైమ్‌షీట్. ప్రతి శుక్రవారం నింపాలి. సాఫ్ట్‌వేర్ రోజుకి ఎనిమిది గంటలు అడుగుతుంది. ఎనిమిది కంటే తక్కువ రాస్తే ఎర్రగా వెలుగుతుంది. ఎక్కువ రాస్తే ఎవరో ఒకరు వచ్చి 'ఆ క్లయింట్‌కి ఇన్ని గంటలు చూపిస్తే మనకి నష్టంలో కనబడుతుంది, కొంచెం సర్దు' అంటారు. సర్దుతాం. ఆ వారం డెబ్బై గంటలు ఆఫీసులో ఉన్నవాడి కాగితం మీద కూడా నలభైయే ఉంటాయి.

ఏడాది తర్వాత ఫీజు మళ్లీ మాట్లాడుకునే రోజు వస్తుంది. అప్పుడు ఏజెన్సీ చేతిలో ఉండే రుజువు ఈ టైమ్‌షీట్లే. నలభై గంటల్లో పని బ్రహ్మాండంగా జరిగిపోతోందని అవి చెబుతాయి. క్లయింట్ కొనుగోళ్ల విభాగం, అంటే స్టేషనరీకీ సాఫ్ట్‌వేర్‌కీ బేరమాడే విభాగమే, అయితే ఈసారి పది శాతం తగ్గించండి అంటుంది. మనం చేసిన రాత్రి పనిని మనమే చెరిపేశాం కాబట్టి దాని గురించి అడిగే హక్కు కూడా పోయింది. తగ్గిన ఫీజుకి తగ్గట్టు వచ్చే ఏడాది ఒక మనిషిని తగ్గిస్తారు. మిగిలినవాళ్ల రాత్రి ఇంకొంచెం పొడుగవుతుంది, వాళ్లూ ఎనిమిదే రాస్తారు. ఇంత చక్కగా తన తోక తానే మింగే పామును నేను ఇంకెక్కడా చూడలేదు.

డబ్బు వచ్చే తీరు కూడా చిన్న ఏజెన్సీలని నోరెత్తనివ్వదు. బిల్లు ఇచ్చిన అరవై రోజులకో తొంభై రోజులకో డబ్బు వస్తుంది. ఈలోగా ఆ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మరుసటి నెలే కట్టేయాలి. అలా చేతినుంచి పన్ను కట్టి, జీతాలిచ్చి, బకాయి కోసం ఫోన్లు చేస్తున్న యజమాని అదే క్లయింట్‌కి 'ఈ మార్పు రేపు చేస్తాం' అని చెప్పగలడా? చెప్పలేడు. ఆ చెప్పలేకపోవడం కిందికి జారుతూ జారుతూ చివరికి అందరికంటే తక్కువ జీతం ఉన్నవాడి టేబుల్ మీద ఆగుతుంది.

ముప్పై ఫైళ్లు

పని పరిమాణం కూడా మారింది. ఒకప్పుడు పండగ యాడ్ అంటే ఒక పత్రికా ప్రకటన, ఒక హోర్డింగ్, డబ్బుంటే ఒక టీవీ ఫిల్మ్. ఇప్పుడు అదే ఆఫర్ చతురస్రంలో ఒకటి, నిలువు స్టోరీకి ఒకటి, వెబ్‌సైట్ల బ్యానర్లకి ఒక రెండు, యాప్ లోపల ఒకటి, వాట్సాప్‌కి ఒకటి. మొత్తం ఆరు సైజులు అనుకుందాం. బెంగళూరు కంపెనీ కాబట్టి భాషలు ఐదు: ఇంగ్లిష్, హిందీ, కన్నడ, తమిళం, తెలుగు. ముప్పై ఫైళ్లు. సాయంత్రం ఏడింటికి క్లయింట్ 499ని 479 చేయమంటాడు. అతనికి అది ఒక అంకె. మాకు ముప్పై ఫైళ్లు తెరిచి, మార్చి, చూసి, మళ్లీ పంపడం. 'చిన్న చేంజ్' అన్న మాట వినగానే స్టూడియోలో ఎవరో ఒకరు గట్టిగా నిట్టూర్చడం అందుకే.

ఈ వరసలో ప్రాంతీయ భాషలవాళ్లది ప్రత్యేకమైన బాధ. మా పని మొదలయ్యేదే అందరి పనీ అయ్యాక. మాస్టర్ యాడ్, అంటే ఇంగ్లిష్‌ది, ఓకే కాకుండా అనువాదం మొదలుపెట్టొద్దంటారు, అది న్యాయమే. కానీ రేపు పొద్దున యాడ్ వెళ్లాలన్న గడువు మాత్రం అన్ని భాషలకీ ఒకటే. ఇంగ్లిష్ కాపీకి వారం ఇచ్చి, అందులో ఆరున్నర రోజులు చర్చల్లో పోతే, మిగిలిన పూట మాది. ఆ పూటలో 'కూల్ డీల్స్' లాంటి మాటకి తెలుగులో ప్రాణం పోయాలి, అదీ ఇంగ్లిష్‌కి కేటాయించిన జాగాలోనే పట్టాలి. మన మాటలు పొడుగు, పైనా కిందా గుడులు, ఒత్తులు. అక్షరం సైజు తగ్గిస్తే 'తెలుగు చిన్నగా కనిపిస్తోంది' అంటారు, తగ్గించకపోతే బొమ్మ మీద పడుతుంది. ఇక ఆమోదించేవాళ్లకి భాష రాదు. అందుకే మా కాపీని ఆమోదించేది ఎవరి పిన్నిగారో, ఎవరి డ్రైవరో, పైఫ్లోర్‌లో ఎవరో విజయవాడ ఆయనో. వాళ్లమీద కోపం లేదు, వాళ్లకి తోచింది వాళ్లు చెబుతారు. ఆ తోచింది రాత్రి పదకొండింటికి చెబుతారన్నదే బాధ.

క్రికెట్ సీజన్ గురించి వేరే చెప్పాలా? ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకి మొదలవుతుంది. చివరి ఓవర్లో ఎవరు సిక్స్ కొడితే వాళ్ల మీద ఒక పోస్ట్, గెలిచినా ఓడినా ఇంకోటి, రెండు నెలలు ఇదే. మ్యాచ్ అయ్యాక పది నిమిషాలు దాటితే పోస్ట్ పాతబడిపోయిందంటారు. దీనికి షిఫ్ట్ పెట్టిన ఏజెన్సీలు ఉన్నాయి, రాత్రి చూసేవాళ్లు మధ్యాహ్నం వస్తారు. షిఫ్ట్ పెట్టని చోట రాత్రి మ్యాచ్ చూసినవాడే పొద్దున పదింటి మీటింగ్‌లోనూ ఉంటాడు.

ఓడిన పిచ్ ఖర్చు ఎవరిది?

పిచ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక బ్రాండ్ కొత్త ఏజెన్సీ కోసం నాలుగైదు ఏజెన్సీలని పిలిచి, పది రోజుల్లో మొత్తం క్యాంపెయిన్ ఆలోచించి చూపించమంటుంది. ఎక్కువసార్లు దానికి పైసా ఇవ్వదు. ఐదు ఏజెన్సీలు చేస్తే నాలుగింటి పని చెత్తబుట్టలోకి. ఆ పనికి రిటైనర్ లేదు, బిల్లు లేదు, టైమ్‌షీట్‌లో వేసుకోవడానికి క్లయింట్ పేరు కూడా లేదు. రోజువారీ పని ఆపడానికీ లేదు కాబట్టి పిచ్ పని జరిగేది రాత్రుళ్లూ శని ఆదివారాలూ. ఇల్లు కట్టించుకోవాలంటే ఐదుగురు మేస్త్రీల చేత ఐదు ఇళ్లు కట్టించి, నచ్చినదాంట్లో దిగుతానని ఎవరైనా అంటే మన ఊళ్లో ఏమంటారు? ఏజెన్సీలవాళ్లం మాత్రం ఇటుకలు పట్టుకుని పరిగెత్తుతాం.

ఎందుకంటే ఒప్పుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. పిచ్ రాత్రుళ్లు బాగుంటాయి. అబద్ధం చెప్పను. అందరూ ఒక గదిలో, గోడ నిండా కాగితాలు, తినగా మిగిలిన పిజ్జా, ఒంటిగంటకి ఎవరో ఒక మాట అనడం, గది ఒక్కసారిగా లేచి నిలబడటం. ఆ నిమిషం కోసమే చాలామందిమి ఈ పనిలో ఉన్నాం. అవార్డుల కోసం చేసే పని కూడా ఇంతే. గోవాలో జరిగే గోవాఫెస్ట్, ఫ్రాన్స్‌లో జూన్‌లో జరిగే కాన్స్ లయన్స్ దగ్గరపడుతుంటే, క్లయింట్ అడగని పనిని కూడా మనంతట మనమే నెత్తికెత్తుకుని చేస్తాం. పేరు మనకీ వస్తుంది కాబట్టి ఎవరూ బలవంతపెట్టక్కర్లేదు. ఈ ఇష్టం నిజం. నిజం కాబట్టే దాన్ని వాడుకోవడం తేలిక. 479 మార్చడానికి కూర్చోబెట్టిన రాత్రినీ, ఐడియా పుట్టిన రాత్రినీ ఒకే 'ప్యాషన్' అన్న సంచిలో వేసి మోయమంటారు. నా లెక్కలో పది రాత్రుళ్లలో ఐడియా రాత్రి ఒకటుంటే గొప్ప.

ఒళ్లు పెట్టే లెక్క

డబ్బు లెక్క దాచినా ఒళ్లు దాచదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రచురించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఒక్క 2016లోనే ఇలా ఎక్కువ గంటల పని కారణంగా గుండెజబ్బు, పక్షవాతంతో పోయినవాళ్లు 7,45,000 మంది అని తేల్చాయి.

పోనీ, ఒళ్లు పోయినా పని దక్కుతుందా అంటే అదీ లేదు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటన్ ఆయుధ కార్మికుల రికార్డులు తిరగేసి 2014లో ఒక విషయం చూపించాడు. వారానికి దాదాపు 50 గంటలు దాటాక గంటకి వచ్చే ఉత్పత్తి పడిపోతూ వస్తుంది. 70 గంటలు చేసినవాళ్లు తయారుచేసింది 56 గంటలు చేసినవాళ్ల కంటే ఏమంత ఎక్కువ లేదు. అది గుండ్లు, తూటాల సంగతి, చేత్తో చేసే పని. హెడ్‌లైన్‌కి ఇది ఇంకా తొందరగా వర్తిస్తుందని నా అనుభవం. రాత్రి పన్నెండు దాటాక నేను రాసిన ప్రతి తెలుగు లైన్‌లోనూ 'మరింత', 'సరికొత్త', 'మీ సొంతం' అన్న మూడు మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది. అలసిపోయిన కాపీరైటర్‌ని పట్టుకోవాలంటే ఆ మూడింటిని వెతికితే చాలు.

2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో చైర్మన్ సుబ్రహ్మణ్యన్ దాన్ని 90కి తీసుకెళ్లి, ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపు చూస్తారని అడిగారు. దేశమంతా మీమ్స్ వేసుకుని నవ్వుకుంది. ఆ మీమ్స్‌లో కొన్నిటిని అర్ధరాత్రి ఆఫీసులో కూర్చుని తయారుచేసింది మావాళ్లే అయ్యుంటారు.

చట్టం ఉంది, ఆఫీసులోకే రాదు

కర్ణాటకలో షాపులు, వాణిజ్య సంస్థల చట్టం 1961 నుంచి ఉంది. ఏజెన్సీలాంటి ఆఫీసులకి వర్తించేది అదే. దాని ప్రకారం రోజుకి 9 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదు. మించితే ఆ గంటలకి జీతం రెట్టింపు ఇవ్వాలి. ఆ ఓవర్‌టైమ్ కూడా మూడు నెలల్లో 50 గంటలు దాటకూడదు. మళ్లీ చదవండి: మూడు నెలల్లో 50. మా దగ్గర ఉగాది, ఐపీఎల్ కలిసొస్తే పది రోజుల్లో అయిపోతుంది.

మరి ఎవరూ అడగరేం? ఒక కారణం, మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్లకి ఈ చట్టం వర్తించదు. ఏజెన్సీల్లో హోదాలకి కొదవ లేదు. మూడేళ్ల అనుభవం ఉన్న పిల్లలు కూడా 'గ్రూప్ హెడ్'లు, 'మేనేజర్'లు. కింద ఒక్క మనిషి కూడా లేకపోయినా పేరులో మేనేజర్ ఉంటే, నేను ఈ చట్టం కిందికి రాననుకుని తనంతట తానే పక్కకి తప్పుకుంటాడు. నిజానికి బోర్డు మీద పేరు కాదు, చేసే పని ఏమిటన్నది చూడాలి, కానీ అది తేల్చుకోవడానికి ఎవరు వెళ్తారు? రెండో కారణం ఇంకా మామూలుది. బెంగళూరులో ఈ ఫీల్డ్ చాలా చిన్నది. ఒక చోట లేబర్ ఆఫీసుకి వెళ్లాడన్న మాట కోరమంగళలో పుట్టి లావెల్ రోడ్డు చేరడానికి ఒక కాఫీ చాలు. ఐటీ ఉద్యోగులకి కనీసం కేఐటీయూ అనే యూనియన్ ఉంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం రోజు పనిని 10 గంటలకి, ఓవర్‌టైమ్‌తో కలిపి 12కి, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 50 నుంచి 144 గంటలకి పెంచాలని ప్రతిపాదిస్తే రోడ్డెక్కింది వాళ్లే. మా ఏజెన్సీల నుంచి ఆ ప్రతిపాదన మీద ఒక్క మంచి పోస్టర్ కూడా రాలేదు. తీరిక లేకపోయుంటుంది.

ఇళ్లల్లో ఇది ఎలా ఉంటుందో ఒక్క మాట. శుక్రవారం రాత్రి మెజెస్టిక్ నుంచి అనంతపురం బస్సు నాలుగైదు గంటల ప్రయాణం. నేను టికెట్ కొని రద్దు చేసుకున్నన్ని సార్లు ఎక్కలేదు. మొదట్లో అమ్మ 'ఎప్పుడొస్తున్నావురా' అనేది. తర్వాత 'వస్తే చెప్పు' అంది. ఇప్పుడు అసలు అడగదు, బస్సెక్కాక ఫోన్ చేస్తే అప్పుడు బియ్యం కడుగుతుంది.

లైట్లు ఆర్పితే

జపాన్‌లో ఇదే రంగంలో జరిగింది తెలుసుకోవాలి. డెంట్సు అనే అతిపెద్ద ఏజెన్సీలో 1991లో ఒక 24 ఏళ్ల ఉద్యోగి విపరీతమైన పనిభారంతో ఆత్మహత్య చేసుకున్నాడు. 2000లో అక్కడి సుప్రీంకోర్టు కంపెనీదే బాధ్యత అని తీర్పిచ్చింది. అయినా 2015 డిసెంబర్‌లో అదే కంపెనీలో మరో 24 ఏళ్ల అమ్మాయి అలాగే పోయింది. నెలకి వంద గంటలు దాటిన ఓవర్‌టైమ్ ఉందని అధికారులు తేల్చి, అది పని వల్ల వచ్చిన చావేనని ఒప్పుకున్నారు. 2017లో కోర్టు కంపెనీకి వేసిన జరిమానా 5 లక్షల యెన్‌లు. ఆ కంపెనీ ఉద్యోగుల చేతిపుస్తకంలో 1951లో నాటి అధ్యక్షుడు రాసిన పది సూత్రాలు ఉండేవి. అందులో ఒకటి, పట్టిన పని వదలకు, చంపినా వదలకు అని. ఈ రెండో చావు తర్వాత ఆ పేజీ తీసేశారు. రాత్రి పదింటికి ఆఫీసు మొత్తం లైట్లు ఆర్పడం మొదలుపెట్టారు.

మన దగ్గర కూడా అప్పుడప్పుడు ఎవరో ఒక మంచి యజమాని ఇలాంటిది మొదలుపెడతాడు. ఎనిమిదికి ఏసీ ఆపేయడం, బుధవారం యోగా, శుక్రవారం మీటింగుల్లేని మధ్యాహ్నం. ఉద్దేశం మంచిదే. కానీ పని తగ్గించకుండా లైట్లు ఆర్పితే పని ల్యాప్‌టాప్‌లో కూర్చుని ఇంటికొస్తుంది. నేను పనిచేసిన ఒక చోట యోగా క్లాస్‌కి ఎవరూ రావడం లేదని హెచ్‌ఆర్ పెట్టిన మెయిల్ రాత్రి పదకొండూ పదికి వచ్చింది. ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో డ్యూటీ అయ్యాక ఫోన్ ఎత్తకపోయే హక్కును చట్టంలో పెట్టాయి. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే ప్రైవేటు మెంబర్ బిల్లుగా తెచ్చిన అలాంటి ప్రతిపాదన చట్టం కాలేదు. వస్తే మంచిదే. అయితే ఫోన్ ఎత్తకపోయినా ముప్పై ఫైళ్లు పొద్దున అక్కడే ఉంటాయి.

నాకు కళ్లారా కనిపించిన మార్పు ఒక్కచోటే. ఇప్పుడు నేనున్నది పదకొండు మందిమి ఉండే చిన్న ఏజెన్సీ. మా పార్ట్‌నర్లలో ఒకావిడ నెల్లూరామె, లెక్కల్లో గట్టి మనిషి. గత ఏడాది కొత్త ఒప్పందాల్లో మూడు విషయాలు రాయించింది. ప్రతి పనికీ రెండు విడతల మార్పులు ఫీజులో కలిసే ఉంటాయి, మూడో విడత నుంచి విడతకింత అని డబ్బు. మార్పులన్నీ ఒక్క మనిషే, ఒక్క మెయిల్‌లో పంపాలి. తెలుగు, కన్నడ, తమిళ కాపీలకి ఆమోదం ఇచ్చే మనిషెవరో పని మొదలయ్యే ముందే పేరు చెప్పాలి. ఇద్దరు క్లయింట్లు ఒప్పుకోక వెళ్లిపోయారు. అందులో ఒకరిది మంచి రిటైనర్, ఆ నెల ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. మిగిలినవాళ్లతో మొదటి రెండు నెలలు గొణుగుడు, సణుగుడు. మాలో కూడా కొందరు గొణిగారు, ఇదేమైనా గుమాస్తా ఆఫీసా అని.

మొన్న శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతానికి ఒక చీరల బ్రాండ్ యాడ్. రెండు విడతలు అయిపోయాయి. సాయంత్రం ఆరుంబావుకి క్లయింట్ నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టాం.

"మేడమ్, లోగో ఒక్కటి కొంచెం పెద్దది చేస్తే బాగుంటుందనుకుంటున్నాం. చిన్న చేంజే. అది కూడా విడత కిందికే వస్తుందా?"

"వస్తుందండీ."

కాసేపు అటునుంచి మాట లేదు. వెనకాల ఎవరితోనో గుసగుసలు వినిపించాయి.

"పర్లేదు మేడమ్, ఇప్పుడున్నది కూడా బాగానే కనిపిస్తోందిలెండి. వెళ్లనిచ్చేయండి."